సగం తెల్లని డాబా

డాబాలకు తెల్లరంగు వేసే తాత కోతలకు పెట్టింది పేరు. చెట్లు పోయి మేడలు లేచాక సూర్యుడు తమ వీధిలోనే అద్దెకు దిగాడంటాడు. "నా రంగు వేయించండి, మధ్యాహ్నం దుప్పట్లు వెతుక్కుంటారు" అంటాడు. తన డాబా మాత్రం నల్లగానే వదిలేశాడు. చెమటకాయలతో మనవరాలు నిద్రపోక గుక్కపట్టి ఏడుస్తుంటే, "ఊరి నెత్తిన చలవ, మన నెత్తిన పెనమా?" అని భార్య దెప్పింది. మిగిలిన రంగు తెచ్చి పూస్తే సగం డాబాకే వచ్చింది. మర్నాడు మిట్టమధ్యాహ్నం చెప్పులు విడిచి, ఒక కాలు తెలుపు మీద, ఒకటి నలుపు మీద పెట్టాడు. నలుపు మీది కాలు ఎగిరిపడింది. రెండోది నిమ్మళంగా నిలబడింది. తెరిచిన నోరు తెరిచినట్టే కిందికి దిగాడు. తెలుపు కిందున్న గదిలో, ఉయ్యాలలో పాప ఆదమరిచి నిద్రపోతోంది.

"దుప్పటి కప్పనా?" అంది భార్య నవ్వాపుకుంటూ.

తాత గోడను అరచేత్తో తడిమి చూశాడు. "ఇన్నాళ్లూ కోతలే అనుకున్నానే," అన్నాడు గుసగుసగా. "నిజమేనే."