బావగారి గాలం, మా ఆవిడ తోముడు

నా నోరు మంచిది కాదు. ఈ మాట మా ఆవిడ పెళ్లయిన దగ్గర్నుంచీ చెబుతూనే ఉంది, నేను ఒప్పుకుంటూనే ఉన్నాను. మూడేళ్ల కిందట బాపట్లలో మా మేనకోడలి పెళ్లి. మా అక్క మొగుడు, అంటే మా బావగారు, మగపెళ్ళివారి పెద్దలకి పండుగప్ప పులుసు వడ్డిస్తూ "ఇది నేను స్వయంగా పట్టిన చేపండీ" అని గొప్పగా చెబుతున్నారు. నేను ఊరుకోవచ్చుగా? ఊహూఁ. "అవునండీ, చీరాల బజార్లో బేరమాడి మరీ పట్టారు" అన్నాను. పందిరంతా ఘొల్లున నవ్వింది. బావగారు గరిటె కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయారు. ఆ తర్వాత నాతో మాట్లాడితే ఒట్టు.

మధ్యలో నలిగిపోయింది మా అక్క. అమ్మానాన్నా పోయాక తనకి పుట్టిల్లంటే తెనాలిలో మా ఇల్లే. వాళ్ళుండేది రేపల్లెలో, ఎంత దూరమని! అయినా మూడేళ్లు గడప తొక్కలేదు. బావగారు పెరట్లో ఉన్నప్పుడు ఫోన్ చేసి గబగబా నాలుగు మాటలు మాట్లాడి పెట్టేసేది. ఇక ఉండబట్టలేక మొన్న వేసవిలో నేనే సిగ్గు విడిచి రేపల్లె వెళ్ళి "తప్పయిపోయింది బావగారూ" అన్నాను. ఆయన పేపరు మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా చదివారు. తర్వాత లేచి లోపల్నుంచి తన గాలం తెచ్చి నా చేతిలో పెట్టారు.

"చివర దారం దూరే రింగు ఊడింది. తెనాలిలో ఎవరైనా అతికిస్తారేమో చూడు. ఆదివారం పట్టుకురా."

క్షమించినట్టే! ఆ గాలాన్ని ఆయన కన్నకూతురి చేతికి కూడా ఇవ్వరు. వంటింటి గుమ్మంలో అక్క కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఈసారి ఏమన్నా తేడా వస్తే మళ్ళీ అతుకుపడదని నాకు అప్పుడే భయం పట్టుకుంది.

ఆ గాలం మనం మామూలుగా చూసే వెదురుకర్ర గాలం కాదు. బావగారి పెద్దాఫీసరు ఒకాయన రిటైరవుతూ ఇచ్చి వెళ్ళాడు. కొక్కేనికి ఎర గుచ్చరు, ఈకలతో కట్టిన పురుగు బొమ్మ ఉంటుంది. దాన్ని ఉప్పుటేటి మీద కొరడాలా ఝళిపిస్తే చేప నిజం పురుగనుకుని ఎగబడుతుందట. ఎగబడగా నేనెప్పుడూ చూడలేదు, సరే, ఆ మాట ఇప్పుడెందుకు? చేత్తో పట్టుకునే పిడి మాత్రం సీసా బిరడాలకి వాడే కార్కుతో చేసింది. ఎనిమిదేళ్ల చెమట, కొబ్బరినూనె, చేపల జిగురు పట్టి నల్లగా నిగనిగలాడుతూ ఉండేది. బావగారు దాని మీద నీటిచుక్క పడనిచ్చేవారు కాదు. "ఆ వాసన నా చేతిది. ఏట్లో చేపలకి తెలుసు" అనేవారు.

మోటార్లు బాగుచేసే ఒకతను రింగు ఇట్టే అతికించి పెట్టాడు. గాలం తెచ్చి హాల్లో మూలకి ఆనించాను. శనివారం కూరలు కొనుక్కుని ఇంటికొచ్చేసరికి మా ఆవిడ కుళాయి దగ్గర కూర్చుని ఉంది. పక్కన గోరువెచ్చని నీళ్ళు, గిన్నెల సబ్బు, పాత టూత్‌బ్రష్షు, పిండేసిన నిమ్మచెక్క. ఒళ్ళో గాలం. పిడి అప్పుడే డబ్బాలోంచి తీసిన బిస్కెట్టు రంగులో ఉంది.

"కొంప ముంచావే!" అన్నాను.

"ఏం ముంచాను? ఆడపడుచు ఇంటికి వెళ్ళే వస్తువు జిడ్డోడుతూ వెళ్తుందా? గిన్నె తెచ్చుకుంటే తోమి, ఖాళీగా పంపకుండా ఏదో ఒకటి వేసి ఇస్తాం. దీనికేమైనా వేరే రూలుందా?" అంది. నిజమే, గాలానికి జంతికల పొట్లం కూడా కట్టి ఉంది!  చేప వాసన పోగొట్టడానికి పాపం గంటసేపు తోమిందట.

ముప్పై ఏళ్లు సైన్సు మాస్టారుగా పనిచేసి మరకలు ఎలా పోతాయో పిల్లలకి చెప్పినవాణ్ణి. ఎలా పడతాయో ఎప్పుడూ ఆలోచించలేదు. ముందు కాఫీ డికాక్షన్ పూశాను. గోధుమ రంగొచ్చింది. చాల్లేదు. స్కూటరు గ్రీజు కొంచెం, తలనూనె కొంచెం పట్టించి, పిడిని చేతిలో పట్టుకుని చెమట పట్టాలని ఫ్యాను ఆపేసి కూర్చున్నాను. మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి పొట్ట పట్టుకుని నవ్వింది. "మీకు పిచ్చెక్కింది. ఉన్నమాట చెప్పేయండి, అన్నయ్యగారు అర్థం చేసుకుంటారు" అంది. అర్థం చేసుకోవడమా, ఆయనా!

ఆదివారం చర్చి అవ్వగానే రైలెక్కాను. దారంతా చెరుకుపల్లి వాళ్ళెవరో పంటల కబుర్లు చెబుతుంటే ఊఁ కొట్టానే గానీ ఒక్క ముక్క బుర్రకెక్కలేదు.

బావగారు గాలం అందుకుని ముందు రింగు చూశారు. తర్వాత పిడి పట్టుకున్నారు. పట్టు సడలించి మళ్ళీ పట్టుకున్నారు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు. వంటింటి గుమ్మంలో అక్క గరిటెతో అలాగే నిలబడిపోయింది.

"కాఫీ పొడి ఎక్కడ కొన్నావయ్యా?" అన్నారు.

 ఇక దాచి లాభం లేదని, కడిగిందీ, పూసిందీ, ఫ్యాను ఆపిందీ అన్నీ చెప్పేశాను. "తప్పు మా ఆవిడది కాదండీ, పిడి తడపొద్దని ముందే చెప్పకపోవడం నా తప్పే. ఏమనాలన్నా నన్ననండి. కానీ అక్కని మాత్రం మళ్ళీ మా ఇంటికి రాకుండా చెయ్యకండి" అన్నాను. 

 ఆయన గాలం పట్టుకుని పెరట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, నేను పూసిందంతా తనే సబ్బుపెట్టి కడిగారు. తువ్వాలుతో తుడిచి, మళ్ళీ బిస్కెట్టు రంగుకొచ్చిన పిడిని నా చేతిలో పెట్టారు.

"ఎనిమిదేళ్ల మురికయ్యా అది. మళ్ళీ అంత పట్టాలంటే ఈ వయసులో నా ఒక్కడి చెయ్యి చాలదు. నువ్వూ పట్టాలి. ఆదివారం ఆదివారం రా, ఏటికి పోదాం."

నేను తలూపేలోగానే గుమ్మంలోంచి అక్క గొంతు వినిపించింది. "ఆదివారం పొద్దున హడావిడిగా రావడమేంటండీ? శనివారం సాయంత్రమే వచ్చి పడుకోమనండి. మరదల్ని కూడా తీసుకురమ్మనండి."