గడ్డిలో మాగిన రైఫిలు

మా చిన్నమామయ్య పోయాడు. తొంభై నాలుగేళ్లు. పొద్దున కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, పడక్కుర్చీలో అలాగే వెళ్లిపోయాడు. పెద్దకర్మ నాడు భోజనాల దగ్గర మీలో చాలామంది ఆయన్ని తలుచుకున్నారు, సంతోషం. కానీ ఒక సవరణ ఉంది. పప్పు వడ్డించేటప్పుడు ఆయన చంపిన పులులు మూడు. పులుసు దగ్గర ఏడయ్యాయి. పెరుగు వచ్చేసరికి పదకొండు. ఇంకో స్వీటు వేసి ఉంటే కృష్ణా జిల్లాలో అడవే మిగిలేది కాదు.

మామయ్య ఒక్క పులిని కూడా చంపలేదు. పెరట్లో దూరిన పిల్లిని సైతం "వెళ్లు తల్లీ, వెళ్లు" అని బతిమాలి పంపించే మనిషి. ఆయన హాల్లో గోడకి అరవై ఏళ్లుగా వేలాడుతున్న రైఫిల్‌ని చూసి, ఆ పులుల్ని మీరే పుట్టించారు. అది ఆ గోడ మీదకి ఎలా వచ్చిందో చూసినవాళ్లలో నేనొక్కదాన్నే మిగిలాను. అందుకని రాస్తున్నాను.

మామయ్య మా అమ్మకి ఆఖరి తమ్ముడు. మీసాలు రాకముందే ఒక ఎస్టేటులో తుపాకుల గదిలో పనికి కుదిరాడు. వేటకి వెళ్లేది దొరలు, ఫొటో దిగేది దొరలు. తిరిగొచ్చిన తుపాకుల్ని విప్పి, తుడిచి, నూనె రాసి మళ్లీ బిగించేది మామయ్య. అలా కొన్నేళ్లు తుడిచాక, ఏ తుపాకి ఏ జబ్బుతో చస్తుందో పేల్చేవాళ్లకంటే ఆయనకే ఎక్కువ తెలిసింది. జమీందారీలు పోయాయి, ఆ గదులు ఖాళీ అయ్యాయి. యాభైల చివరికొచ్చేసరికి ఆ రైఫిళ్లు చేతులు మారి మామిడి షావుకార్ల ఇళ్లకీ, పెద్ద రైతుల ఇళ్లకీ చేరాయి. పాత రైఫిల్ కొనాలనుకున్నవాడు మామయ్యని వెంటబెట్టుకుని వెళ్లేవాడు, పెళ్లిచూపులకి మాట తెలిసిన పెద్దని తీసుకెళ్లినట్టు.

ఆయనకి కొన్ని పట్టింపులుండేవి. అమ్మేవాళ్ల ఇంట్లో, తీర్పు చెప్పేదాకా మంచినీళ్లు కూడా ముట్టేవాడు కాదు. "కాఫీ తాగాక లోపం చెప్పడానికి నోరు రాదమ్మాయ్" అనేవాడు. రైఫిల్ చేతికిస్తే ముందు బోల్టు వెనక్కి లాగి, లోపల తూటా లేదని కళ్లతో చూసి, చూసింది నమ్మక చిటికెన వేలు పెట్టి తడిమేవాడు. బోల్టంటే తెలియనివాళ్లకి: తలుపు గడియ లాంటిది. వెనక్కి లాగితే కాలిన తూటా గుల్ల బయటపడుతుంది, ముందుకి తోస్తే కొత్త తూటా లోపలికి వెళ్లి కూర్చుంటుంది. దుప్పిని కొట్టేవాడికి ఆ గడియ కాస్త బిగుసుకున్నా నష్టం లేదు, దుప్పి ఎటూ పారిపోతుంది. మన మీదకే వచ్చే జంతువుకైతే ప్రాణమంతా ఆ గడియలోనే ఉంటుంది. "పేలడం గొప్ప కాదు, టపాకాయ కూడా పేలుతుంది. మళ్లీ పేలాలి" అనేవాడు మామయ్య.

తర్వాత మరమేకులు చూసేవాడు. మేకు తల చెదిరి ఉంటే, తెలియనివాడెవడో లోపల చెయ్యి పెట్టాడని లెక్క. పాత రైఫిల్ ఎన్నేళ్లదని ఆయన ఎప్పుడూ అడగలేదు. ఎక్కడ పడుకుందని అడిగేవాడు.

నేను ఎస్సెల్సీకి వచ్చిన ఏడు, మామిడి కాపు విరగకాసింది. జి. కొండూరు పైనున్న గుట్టల్లోంచి ఒక ఎలుగుబంటి రాలిన రసాల పళ్ల కోసం మా తోటలోకి దిగడం మరిగింది. ఒకనాటి పొద్దున మా తోట కాపలాదారు చెట్టు కింద వంగి కాయలేరుతూ దానికి ఎదురుపడ్డాడు. ప్రాణం దక్కింది గానీ ఎడమ కన్ను, ఆ వైపు చెంప పోయాయి. మా నాన్న ఆస్పత్రి వరండాలో అతని భార్యకి మాటిచ్చాడు, ఈ కాపు అయ్యేలోపు దాని చర్మం తెచ్చి నీ గుమ్మంలో వేస్తానని. నాన్న మాటిచ్చాడంటే ఇంట్లో అందరికీ జ్వరమే. తప్పడు.

నాన్న దగ్గర పంట కాపలాకి లైసెన్సున్న పాత ఒంటిగొట్టం తుపాకి ఉండేది. కాకుల్ని లేపడానికి అది చాలు, ఎలుగుకి చాలదు. అప్పుడే నూజివీడులో మాకు తెలిసిన ఒక షావుకారు గారు, ఎస్టేటు నుంచి కొన్న పెద్ద రైఫిల్‌ని అమ్ముతానన్నారు. మామయ్యని తీసుకుని నాన్న బయల్దేరాడు. బజారులో పుస్తకాలు కొనుక్కుంటానని నేనూ బండెక్కాను.

షావుకారు గారు మర్యాదస్తులు. వెళ్లగానే పళ్లెంలో చిన్నరసాలు పెట్టించారు. నాన్న తిన్నాడు, నేను రెండు తిన్నాను. మామయ్య చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"మా కాయ మీకు ఆనదాండీ?" అన్నారు షావుకారు గారు.

"మహా ఇష్టమండీ. ముందు దాన్ని చూడనివ్వండి."

రైఫిల్ నిజంగా అందంగా ఉంది. చెక్క తేనెరంగు, ఇనుము నల్లగా నిగనిగ. మామయ్య బోల్టు ఊడదీసి, వెలుతురు వైపు గొట్టం పెట్టి చూశాడు. నన్నూ చూడమన్నాడు. లోపల అద్దంలా మెరుస్తోంది. నాన్న కళ్లు కూడా అలాగే మెరుస్తున్నాయి. కాయ తొడిమ వాసన చూసి చెట్టు పేరు చెప్పగల మనిషి మా నాన్న, తుపాకి దగ్గర మాత్రం తోలు చూసి మురిసిపోయాడు.

మామయ్య మాత్రం తుపాకిని ముక్కు దగ్గర పెట్టుకుని నిలబడిపోయాడు. "ఇది ఎక్కడ పడుకుందండీ?"

"ఎక్కడేమిటండీ, భద్రంగా ఉంది. కాయల రోజుల్లో మా ఇల్లు సత్రమే కదా, కూలీలు, బేరగాళ్లు. ఎవడి కంటా పడకుండా మాగేసే గదిలో, గడ్డి కింద పెట్టించాను. గొట్టంలో నూనెగుడ్డ కూరించాను కూడా."

"ఎన్ని కాపులు?"

"రెండు."

మన ప్రాంతం వాళ్లు మాత్రమే చేయగల పొరపాటు అది. కాయని పువ్వులా కాపాడే వరిగడ్డి ఇనుముని మాత్రం ఎందుకు కాపాడదు అనుకున్నారాయన. కాయ మాగేటప్పుడు ఆ గడ్డిలో చెయ్యి పెట్టి చూడండి, అప్పుడే దించిన అన్నం గిన్నెలా ఉంటుంది. వేడీ, చెమ్మా. గొట్టాన్ని నూనెగుడ్డ కాపాడింది. దాని వెనక, తూటా కూర్చునే గది దాకా ఆ గుడ్డ చేరలేదు.

మామయ్య జేబులోంచి తెల్ల పంచె పీలిక తీసి, వేపపుల్లకి చుట్టి, ఆ గదిలో ఒక్కసారి తిప్పి బయటికి తీశాడు. గుడ్డ పోగులు లేచి ఉన్నాయి, గోరింట ముళ్లకి తగిలినట్టు. లోపలంతా తుప్పు తిన్న గుంటలు. పేలినప్పుడు తూటా గుల్ల ఉబ్బి ఆ గుంటల్ని పట్టుకుంటుంది. గడియ లాగితే రాదు.

"వద్దు బావగారూ" అన్నాడు.

నాన్న మొహం మాడిపోయింది. "అద్దంలా ఉందని నువ్వే చూపించావు కదటోయ్."

"అద్దం ముందు గదిలో ఉంది. కాపురం వెనక గదిలో."

"జన్మలో ఒక్క కుందేలుని కొట్టలేదు, నీకు ధైర్యం లేకపోతే నాకూ ఉండకూడదా?"

షావుకారు గారు వినగా అన్నాడా మాట. మామయ్య పుల్ల జేబులో పెట్టుకుని, "సరే. రేపు తోటలో పేల్చి చూడండి. తీసుకోవాలో వద్దో ఆ తర్వాత మీ ఇష్టం" అన్నాడు. పళ్లెం దగ్గరికి వెళ్లి ఒక రసం అందుకోబోయాడు. షావుకారు గారు పళ్లెం లోపలికి పంపించేశారు.

మర్నాడు, పరీక్షకని అడిగి తెచ్చుకున్న ఆ రైఫిల్‌తో, తోట చివర మట్టిగట్టు ముందు నాన్నని నిలబెట్టాడు మామయ్య. నన్ను పిలిచి నాన్న వెనక్కి నలభై అంగలు కొలిచాడు. "అమ్మాయ్, నువ్వు ఎలుగుబంటివి. తుపాకి పేలగానే పరిగెత్తుకొచ్చి మీ నాన్న వీపు ముట్టుకో. బావగారూ, మీరు గట్టు వైపే చూడాలి. అది ముట్టుకునేలోపు రెండోసారి పేల్చండి, వేటకి ఈ రైఫిల్ నేనే భుజాన మోసుకొస్తాను." నాన్న వెనక్కి తిరగకుండా ఆయన భుజం పట్టుకుని తానూ పక్కనే నిలబడ్డాడు.

నేను లంగా ఎగదోపి పరిగెత్తాను. సగం దూరంలో ఉండగానే రెండోది పేలింది. నాన్న మీసం దువ్వాడు. "ఎలుగు కాస్త బద్ధకంగా ఉంది" అన్నాడు. మళ్లీ చేశాం. మళ్లీ పేలింది.

"ఇంకొక్కసారి" అన్నాడు మామయ్య. ఇనుము వేడెక్కాలని ఆయనకి తెలుసు.

మూడోసారి చప్పుడు వినగానే పరిగెత్తాను. సగం దాటాను, ఏమీ పేల్లేదు. నాన్న మోచెయ్యి వెనక్కి ముందుకి ఆడుతోంది, గడియ రావడం లేదు. నాకు ఆగిపోవాలనిపించింది. మామయ్య తల తిప్పి నన్ను చూశాడు, ఆగొద్దన్నట్టు. వెళ్లి అరచేయి నాన్న వీపు మీద వేశాను. చొక్కా తడిసి ముద్దయి ఉంది. నాన్న ఇంకా గడియతో పెనుగులాడుతూనే ఉన్నాడు.

చివరికి గడియ వదిలేసి, "మూడింట ఒకసారే కదా" అన్నాడు, గట్టు వైపే చూస్తూ.

"మీకెన్ని ప్రాణాలున్నాయి బావగారూ, మూడా?"

ఆ గుల్లని బయటికి తీయడానికి చెక్క సుత్తి కావాల్సివచ్చింది.

నాన్న రైఫిల్ తిప్పి పంపాడు గానీ, ఇచ్చిన మాట ముల్లులా ఉండిపోయింది. ఒంటిగొట్టంతోనే వెళ్తానని రెండ్రోజులు ఇంట్లో తిరిగాడు. చివరికి కాపలాదారే కట్టు కట్టిన మొహంతో వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు. "బాబుగారూ, నా మొహం తిన్నది చాలదా దానికి? మీ మాట మా ఆడదాని దగ్గర నుంచి నేను వెనక్కి తెచ్చేశాను" అన్నాడు. నాన్న కండువాతో మొహం తుడుచుకుని లోపలికి వెళ్లిపోయాడు. కాయ అయిపోగానే ఎలుగు గుట్టలెక్కింది. దాని వయసుకి అదీ పోయి ఉంటుంది.

నాన్నా మామయ్యా ఆ కాపంతా మాట్లాడుకోలేదు. మా అమ్మ మధ్యలో నలిగింది. అంతలో మైలవరం వైపు నుంచి ఒకాయన ఆ రైఫిల్‌కి బేరం పెట్టాడని తెలిసింది. గొట్టంలోకి చూసి మురిసిపోయాడట. మామయ్య ఆ సాయంత్రమే షావుకారు గారి దగ్గరికి వెళ్లి, కాఫీ ఇవ్వకముందే, తానే కొంటానన్నాడు. లైసెన్సు కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి, తెచ్చి గోడకి తగిలించాడు.

"అంత పనికిమాలినదైతే నువ్వెందుకు కొన్నావోయ్?" అని నా చేత కబురు పెట్టాడు నాన్న.

"ఇక ఎవడూ కొనకుండా" అని జవాబొచ్చింది.

నాన్న అరుగు మీద కూర్చుని ఆ మూడు ముక్కలూ నా చేత మళ్లీ చెప్పించుకున్నాడు. మర్నాడు మామయ్య ఇంటికి గంపెడు పెద్దరసాలు వెళ్లాయి. మా నాన్న ఆ తర్వాత ముప్పై ఏళ్లు బతికి, నా పెళ్లి చేసి, నా పిల్లల్ని ఎత్తుకుని, మంచంలో పోయాడు. మామయ్యకి నేను ఏనాడూ కృతజ్ఞతలు చెప్పలేదు. చెప్పబోతే, "మీ నాన్నని ఆపిన ఎలుగువి నువ్వు, నాకు చెప్తావేంటే" అనేవాడు.

ఇక మామయ్య మనవడికి ఒక మాట. నువ్వూ ఇది చదువుతావు గనక ఇక్కడే రాస్తున్నాను. రైఫిల్ నీ పేరు మీదకి మార్పించుకుని తోటలో పందుల్ని కొడతానని పెద్దకర్మ నాడు నా చెవిలో వేశావు. వద్దు. పందుల గొడవ ఫారెస్టు వాళ్లకి చెప్పుకో. లైసెన్సు పుస్తకం బీరువా కింద అరలో ఉంది, మరణ ధ్రువపత్రం జతచేసి, సోమవారం పొద్దున్నే పోలీసు స్టేషన్లో జమ చేసి రసీదు తెచ్చుకో. బోల్టు ఊడదీసి వేరే సంచిలో పెట్టు. పాత నూలు చీరలో చుట్టు, ప్లాస్టిక్ వద్దు, చెమ్మ పడుతుంది. గొట్టానికి దారంతో ఒక అట్టముక్క కట్టి, "తూటా గది తుప్పు తిన్నది, పేల్చవద్దు, అమ్మవద్దు" అని పెద్ద అక్షరాలతో రాయి. రాశాక దాని మీద కొవ్వొత్తి రుద్దడం మర్చిపోకు, వానలు మొదలయ్యాయి, సిరా కారుతుంది.