షెడ్డు నిండిన ఆదివారాలు

మగ్గాలు అమ్మేసి మా ఆయన మస్కట్ పోయినంక, కరీంనగర్ శివారులోని మా రేకుల షెడ్డు ఖాళీ అయింది. పెండ్లయి వచ్చిన నాటి నుంచి ఆ పవర్‌లూమ్‌ల చప్పుడులోనే బతికిన. అవన్నీ ఒక్కసారి ఆగినయంటే కరెంటు పోయినట్టే. మగ్గాల నడుమ అలవాటైన పెద్ద గొంతు మాత్రం నాకు తగ్గలేదు. ఫోన్ చేసినప్పుడల్లా ఆయన, "జర మెల్లగ మాట్లాడు, రూమంత వింటున్నరు" అనేటోడు.

ఒకనాడు సంగీతం నేర్పే సారొకాయన వచ్చి, ఆదివారాలు వాయించుకోవడానికి షెడ్డు అడిగిండు. ఎక్కడ వాయించినా పక్కింటోళ్లు లొల్లి పెడుతున్నరట. మా గల్లీకి చప్పుడు కొత్తదా? సరేనన్న. తమది ఆర్కెస్ట్రా అని సారు చెప్తే, పెండ్లిళ్లల్ల సినిమా పాటలు పాడేటోళ్లనుకున్న. వీళ్లు పాడరు. వయొలిన్లు, ఫ్లూట్లు, బాకాలు పట్టుకొని, కాగితాలు ఎదురుగ పెట్టుకొని కలిసి వాయిస్తరు. మొదట నలుగురైదుగురే. దూరంల ఉన్న బోథ్ ఊరి నుంచి వచ్చే వయొలిన్ పిల్ల శనివారమే బస్సు దిగి నా దగ్గరే పడుకునేది. ఆ పూట ఇద్దరికి వండుకునేదాన్ని.

ఒక ఆదివారం చాయ్ పెడుతుంటే వాయిద్యాలన్నీ ఒక్కసారి ఆగినయ్. నేను మెయిన్ స్విచ్ కాడికి ఉరికిన. చెయ్యి పెట్టేలోపే అందరూ మళ్లీ అందుకున్నరు.

"ఏమైందక్కా?" అన్నడు సారు.

"కరెంటు పోయిందనుకున్న."

పిల్లలు నవ్విన్రు. సారు కాగితం తెచ్చి, ఆగాల్సిన చోట గీసిన చిన్న గుర్తు చూపించిండు. మహిళా సంఘంల అక్షరాలు నేర్చుకొని అప్పటికి ఏడాది కూడ కాలేదు. చప్పుడు చెయ్యకుండ ఉండేటందుకు కూడ గుర్తుంటదని నాకెవ్వరూ చెప్పలే.

మనుషులు పెరిగిన్రు. పెద్ద డోళ్లు వచ్చినయ్. కుర్చీలు వాకిట్లకు వచ్చినయ్. ఒకరోజు చాయ్ గ్లాసు చేతిల పట్టుకొని సారు నిలబడే ఉన్నడు.

"టౌన్ల పెద్ద హాలు దొరికిందక్కా."

"వంటింటి గోడ తీపిస్త సారూ. జాగ సరిపోతది."

"మరి నువ్వెక్కడ వండుకుంటవ్?"

"ఒక్కదానికి ఎంత జాగ కావాలె?"

ఆయన చాయ్ తాగకుండనే గ్లాసు కింద పెట్టిండు. బోథ్ పిల్లకు కూడ హాలు పక్కనే హాస్టల్ చూసిన్రు.

మొదటి ప్రదర్శనకు నన్ను ముందు వరుసల కూసోబెట్టిన్రు. షెడ్డుల వాయించిందే, నాకు తెలిసిందే. ఆగే చోటు వస్తుందని ముందే తెలుసు. కుర్చీ చెయ్యి గట్టిగ పట్టుకున్న. ఆగింది. మళ్లీ వచ్చింది. అయిపోయినంక ఆ పిల్ల వచ్చి కాళ్లు మొక్కింది. ఆమెను ఎవరో ఫోటోకు పిలిస్తే పోయింది. నేను ఆటో ఎక్కిన.

ఇంటికొచ్చి షెడ్డుల లైటేసి కూసున్న. మా ఆయన ఫోన్ చేసిండు.

"ఎట్లున్నదే మీ పిల్లల ప్రోగ్రాం?"

"మంచిగున్నది. శానమంది వచ్చిన్రు."

"ఏందీ? జర గట్టిగ మాట్లాడు, వినొస్తలేదు."