చెప్పుల మొనలు వీధి వైపు

నా చేతులు ఇప్పుడు హైటెక్ సిటీలో ఒక కంపెనీ గోడ మీద ఉన్నాయి. ముఖం లేదు, చేతులే. అరిగిపోయిన రబ్బరు చెప్పుల జతను పట్టుకున్న రెండు చేతులు, మనిషి ఎత్తున. కింద ఇంగ్లీషులో ఏదో రాశారు. నిస్వార్థ సేవ అని అర్థమట. మా కేంద్రంలో డయాలసిస్ చేయించుకునే ఆటో అతను, ఆ ఆఫీసులో సెక్యూరిటీ పని చేసే తన బావమరిది తీసి పంపిన ఫొటోను నా ముందు పెట్టి నవ్వాడు.

"చూడు తాతా, నీ చేతులు ఎంత పెద్దగయినయో. నువ్వే చిన్నగయినవ్."

నాకు నవ్వు రాలేదు. నా చేతుల ఫొటో తీసుకుపోయిన తర్వాత ఆ కంపెనీ నుంచి ఒక్కరంటే ఒక్కరు మళ్లీ మా తలుపు దగ్గరికి రాలేదు. నాకు కావలసింది గోడ కాదు, ఒక మనిషి. నా మోకాళ్లు పూర్తిగా మొరాయించే లోపు ఆ తలుపు దగ్గర నిలబడే ఒక్క మనిషి.

మదీనాగూడలో హైవే మీది నుంచి ఒక సందులోకి తిరిగితే, ఒక ధర్మసంస్థ నడిపే చిన్న డయాలసిస్ కేంద్రం ఉంటుంది. పది మంచాలు. లోపల శుభ్రత కోసం చెప్పులు బయట విడవాలి. నా భార్య నాలుగేళ్లు అక్కడికి వెళ్లింది. నాలుగు గంటలు రక్తం యంత్రంలో తిరిగి వచ్చాక మనిషి నిలబడగలడు గానీ వంగలేడు. వంగితే కళ్లు తిరుగుతాయి. ఒకరోజు ఆమె ఒక చెప్పు వేసుకుని, బెంచీ కిందికి పోయిన రెండో దాని కోసం వంగి, అలాగే ముందుకు పడింది. నేను అప్పుడు మందుల చీటీ పట్టుకుని కౌంటర్ దగ్గర ఉన్నాను. నుదుటి మీద మూడు కుట్లు పడ్డాయి.

ఆ మరుసటి వారం నుంచి ఆమె చెప్పులే కాక అక్కడ విడిచిన చెప్పులన్నీ సర్దడం మొదలుపెట్టాను. జతకు జత కలిపి, మొనలు వీధి వైపు తిప్పి వరసగా పెట్టేవాణ్ని. పదకొండుకు మొదటి షిఫ్టు వాళ్లు బయటికి రాగానే ఎవరివి వాళ్ల కాళ్ల ముందు ఉంచి, తొడుక్కునే వరకు జబ్బ పట్టుకునేవాణ్ని. ఆమె పోయాక కూడా వెళ్లడం మానలేదు. మానడానికి కారణం కనిపించలేదు.

ఇది నేను కనిపెట్టిన పని కాదు. నేను పుట్టిన ఊరు ఇప్పుడు అద్దాల మేడల కింద ఉంది. అప్పుడు అక్కడ బండలు ఉండేవి, మేము ఆ బండలు కొట్టి బతికేవాళ్లం. బడి మొహం చూడలేదు. నాకు వచ్చిన నాలుగు అక్షరాలూ శనివారం భజనలో వచ్చినవే. ఆ భజనకు పెద్ద, మా ఊళ్లో బట్టలు కుట్టే దర్జీ. పాటల నోటుబుక్కు నా ఒళ్లో పెట్టి, పాడుతున్న మాట మీద వేలు జరుపుతూ పోయేవాడు. పాట నాకు ముందే వచ్చు కాబట్టి, వేలి కింద ఉన్న గీతలు ఏమంటున్నాయో మెల్లగా పట్టుబడింది. తర్వాత పొట్లం కాగితాలు చదివాను, గోడల మీది రాతలు చదివాను, ఇవాళ్టికీ దొరికింది దొరికినట్టు చదువుతాను.

ఆ భజనకు ఒక నియమం ఉండేది. అందరికంటే ఆలస్యంగా వచ్చినవాడు కూర్చునే ముందు బయటి చెప్పులన్నీ చేత్తో సర్దాలి. ఆ రోజుల్లో మా ఊళ్లో కొందరు పెద్ద గడపల ముందు చెప్పులు చేత పట్టుకుని దాటేవారు. మరిచిపోయి వాళ్లు ఎక్కడైనా విడిస్తే దొర మనుషులు ఆ చెప్పులను కాలితో తన్ని మురికి కాలువలో పడేసేవారు. భజన పెద్ద వాళ్ల చెప్పులనూ, మిగతా అందరివీ, ఒకే వరసలో పెట్టించేవాడు. నా వంతు వచ్చిన రోజు నేను ఎదురు తిరిగాను.

"గాళ్ల చెప్పులు నేను ముట్టాల్నా?"

ఆయన బయటికి వచ్చి, బండల దుమ్ము కొట్టుకుపోయిన నా చెప్పులు తీసి, భుజం మీది తువ్వాలతో తుడిచి వరసలో పెట్టాడు. తర్వాత లోపలికి వచ్చి కూర్చుని, అదే తువ్వాలతో చెమట పట్టిన ముఖం తుడుచుకున్నాడు. నేను లేచి వెళ్లి మిగతావి సర్దాను. ఆ తువ్వాల నాకు ఇంకా కళ్ల ముందే ఉంది. అందుకే ఈ పనిలో చెయ్యి అన్న మాట దగ్గర నేను మొండివాణ్ని. ఆ మొండితనమే నా మెడకు చుట్టుకుంది.

కేంద్రంలో ఊడ్చి తుడిచే పనికి ఒకామె ఉంది. నలభై దాటిన మనిషి, పాలమూరు వైపు నుంచి వచ్చి మియాపూర్‌లో ఒక గది కిరాయికి తీసుకుని ఉంటుంది. నేను బస్సు దొరక్క ఆలస్యమైన రోజుల్లో చెప్పులు అప్పటికే సర్ది ఉండేవి. ఎవరు సర్దారో ఒకరోజు కంటపడింది. ఆమె తుడుపు కర్ర చేత్తో పట్టుకుని, కాలి బొటనవేలితో చెప్పులను వరసలోకి నెడుతూ పోతోంది.

"కాలితోని నెడ్తవేందమ్మా? చెయ్యి లేదా?" అన్నాను.

"ఉన్నది తాతా. పొద్దుగాల్నుంచి ఆ చేతులతోని ఏమేం ఎత్తిపోసిన్నో నీకు చెప్పాల్నా?"

"మనుషుల చెప్పులు అవి. వాటిని తన్నితే మనిషిని తన్నినట్టు."

"నేను తన్నలే. జరిపిన."

"చేస్తే చేత్తోని చెయ్యి. లేకుంటే వద్దు."

"అయితే వద్దు," అని కర్ర బకెట్‌లో ముంచి పక్క గదిలోకి వెళ్లిపోయింది.

మరునాటి నుంచి ఆమె చెప్పుల జోలికి రాలేదు. నేను నియమం నిలబెట్టాననుకున్నాను.

తర్వాతి వానాకాలానికి నా మోకాళ్లు వాచాయి. గొంతుక్కూర్చోవద్దని డాక్టర్ చెప్పాడు. గొంతుక్కూర్చోకుండా చెప్పులు ఎలా సర్దాలో ఆయన చెప్పలేదు. సరిగ్గా అప్పుడే ఆ కంపెనీ వాళ్లు వచ్చారు. ఒకే రంగు టీషర్టులు వేసుకున్న ఇరవై మంది పిల్లలు, వాళ్లతో ఒక మేనేజరమ్మ. ఏడాదికి ఒకరోజు సేవ చేయాలట వాళ్లు. నేను సర్దిన చెప్పులను చెదరగొట్టి ఒక్కొక్కరూ మళ్లీ సర్దారు. ప్రతి ఒక్కరికీ ఫొటో రావాలి కదా. లోపలి నుంచి వచ్చిన ఆటో అతను గోడ పట్టుకుని పావుగంట నిలబడ్డాడు.

"మేడం, ఫొటోలయినంక నా చెప్పులు నాకిస్తరా? ఆటో ఎండల ఉన్నది," అన్నాడు చివరికి.

వాళ్లు నవ్వారు. ఆ నవ్వును కూడా ఫొటో తీశారు. నా చేతుల ఫొటో ఆ రోజుదే.

పోయే ముందు మేనేజరమ్మ నా పక్కన కూర్చుంది. మంచి పిల్ల, మాట మెత్తన.

"అంకుల్, మా ఆఫీసుకి వచ్చి ఒక ఇరవై నిమిషాలు మాట్లాడతారాండి? మీలాంటివాళ్లు చెబితే మా వాళ్లకి బాగా ఎక్కుతుంది. కాకపోతే దేవుడు, భజన అలాంటివి లేకుండా చెప్పండి. అన్ని మతాలవాళ్లూ ఉంటారు కదండీ."

ఆ మాటకు నాకు కోపం రాలేదు. ఆ పది మంచాల మీద ఒకరు అల్లా అంటారు, ఒకరు ఏసయ్య అంటారు, ఆటో అతను ఎవర్నీ పిలవడు, పైగా పిలిచేవాళ్లను ఆట పట్టిస్తాడు. అందరికీ కళ్లు ఒకేలా తిరుగుతాయి. భజన పెద్ద కూడా చెప్పులు సర్దేటప్పుడు ఏ పాటా పాడేవాడు కాదు. ఇరవై మందిలో ఒక్కడైనా దొరుకుతాడన్న ఆశతో సరేనన్నాను.

పదకొండో అంతస్తు, చలి, మెత్తటి తివాచీ. అందరూ బూట్లతోనే ఉన్నారు. నేను దర్జీ గురించి చెప్పాను, దేవుడి పేరు ఎత్తకుండానే చెప్పాను. వంగితే పడిపోయే మనుషుల గురించి చెప్పాను. చివరికి అడిగేశాను. వారానికి ఒక్క పూట, పదకొండు గంటలకు అరగంట, మీలో ఒక్కరు రావాలి అన్నాను.

చప్పట్లు మొదలయ్యాయి. చప్పట్లు ఆగాక వెనక వరసలో ఒకబ్బాయి లేచాడు.

"సార్, దీన్ని పెద్ద స్కేల్‌లో ఎలా చేయొచ్చంటారు?"

"పెద్దగ ఎందుకు నాయనా? ఒక తలుపు. ఒక మనిషి."

అందరూ నవ్వి మళ్లీ చప్పట్లు కొట్టారు. పదకొండుకు రోజూ మీటింగ్ ఉంటుందని ఒకమ్మాయి నిజాయితీగా చెప్పింది. ఆ గదిలో నాకు దొరికిన సరైన జవాబు ఆమెదొక్కటే. శాలువా కప్పారు, కాళ్లకు దండం పెట్టారు, కుండీలో ఒక మొక్క ఇచ్చారు. మోకాళ్ల నొప్పితో ఆ కుండీని ఒళ్లో పెట్టుకుని బస్సులో వచ్చాను. మనిషిని అడిగితే మొక్కనిస్తారా? నమ్మేవాళ్లకు గుడిలో హారతితో సరిపోతుంది, నమ్మనివాళ్లకు ఆఫీసులో చప్పట్లతో సరిపోతుంది. వంగే పని మాత్రం ఇద్దరికీ పట్టదు.

పది రోజులకు మనిషి బదులు ఒక ఇనుప స్టాండు వచ్చింది. ఐదు అరలు, జతకో నంబరు, నంబరుకో బిళ్ల. నెత్తిన కంపెనీ పేరు. చెప్పులు చక్కగా ఉన్నాయని అందరూ మెచ్చుకున్నారు. కింది అర నేలకు జానెడు ఎత్తున ఉందని, అందులోంచి చెప్పులు తీయాలంటే వంగాలని ఎవరికీ తట్టలేదు. నేను చెప్పాను. బాగానే ఉంది కదా తాతగారూ అన్నాడు కేంద్రం సూపర్‌వైజర్.

ఆ వారంలోనే ఒకరోజు హైవే నుంచి సందు దాకా నడవడానికి నాకు అరగంట పట్టింది. నేను గుమ్మం దగ్గరికి వచ్చేసరికి పదకొండు దాటింది. ఆటో అతను బిళ్ల పట్టుకుని స్టాండు ముందు ఉన్నాడు. అతనిది కింది అర. వంగాడు. నేను అరిచేలోపే అతని మోకాళ్లు మడత పడ్డాయి.

పక్క గది నుంచి ఊడ్చే ఆమె వచ్చింది. కర్ర వదిలేసి వెనక నుంచి రెండు చంకల కింద చేతులు వేసి పట్టుకుంది. అతను బరువైన మనిషి. రొమ్ముకు ఆనించుకుని గోడకు చేరబడింది. "కండ్లు తెర్వు అన్నా, నన్ను సూడు," అంటోంది. అతను కళ్లు తెరిచి, ఆమె గడ్డంతో కుర్చీ చూపిస్తే చెప్పుల్లేకుండా తడి నేల మీద కాలు పెట్టబోయాడు. ఆమె ఒక కాలు చాచి కింది అరలోంచి చెప్పులను బయటికి లాగింది. ఒకటి తిరగబడి పడింది. బొటనవేలితో దాన్ని సరిచేసి, మొన వీధి వైపు తిప్పి, అతని అరికాలి కిందికి నెట్టింది. రెండోది కూడా. ఒక్కసారి కూడా కిందికి చూడలేదు. చేతులు రెండూ మనిషిని పట్టుకునే ఉన్నాయి.

నేను గుమ్మం బయట నిలబడి చూశాను. ఆ అద్దాల మేడ ఎక్కి వెతికిన ఒక్క మనిషి ఇక్కడే, నా ఎదురుగా బకెట్ పట్టుకుని తిరుగుతోంది. వద్దని పంపింది నేనే. కంపెనీ మీద ఉన్న కోపం అంతా ఎటు పోవాలో తెలియక నా మీదికే వచ్చింది.

నర్సు వచ్చి ఆటో అతనికి బిపి చూసి, గంటసేపు కూర్చోబెట్టి పంపింది. ఆ తర్వాత నేను ఊడ్చే ఆమె దగ్గరికి వెళ్లాను.

"బిడ్డా, నాతోని ఇగ అయితలేదు. ఈ చెప్పులు నువ్వు చూసుకుంటవా?"

ఆమె గుడ్డ పిండుతూ నా వైపు చూసింది.

"చేత్తోనా, కాలితోనా?"

"నీ ఇష్టం."

"ఆ మాట అనుడు నీకు మస్తు కష్టమయినట్టుంది తాతా."

"అయింది."

కాసేపు పిండిన గుడ్డనే మళ్లీ పిండింది. "చెయ్యి ఖాళీగుంటే చేత్తోనే పెడ్త. లేకుంటే కాలితోనే. ఇంకో రెండు మాటలు. సూపర్‌వైజర్‌కు చెప్పకు. చెప్తే రేపటి సంది డ్యూటీల ఏస్తడు. డ్యూటీ అయితే నేను చెయ్య."

"చెప్ప. రెండోది?"

"నువ్వు ఆడ కూసోని చూడొద్దు. నువ్వు చూస్తుంటే చెయ్యి ఖాళీగున్నా నాకు కాలే ముందటికి పోతది."

ఒప్పుకున్నాను. ఇన్నాళ్లూ నేను చేసిన పనిలో ఇంత కష్టమైనది లేదు. స్టాండు ఇంకా అక్కడే ఉంది, తడి గుడ్డలు ఆరేసుకోవడానికి పనికొస్తోంది. గోడ మీది చేతులను ఇంకా దించలేదట. నేను ఉండబట్టలేక వారానికి రెండు రోజులు వెళ్తాను గానీ, సందు అవతల చాయ్ కొట్టు బెంచీ మీద తలుపుకు వీపు పెట్టి కూర్చుంటాను. పదకొండుకు వెనక చెప్పులు నేలకు రాసుకునే చప్పుడు వినిపిస్తుంది. చేతిదో కాలిదో ఎంత చెవి పెట్టినా తెలియదు. వెనక్కి తిరగకుండా ఆపుకుని ఆపుకుని మెడ పట్టేస్తుంది.

మొన్న ఆటో అతను తిన్నగా నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు, చెప్పులు తొడుక్కుని.

"అడగవా తాతా, ఇయ్యాల చెయ్యా, కాలా?"

"అడగ."

"అడగాలని ఉన్నది గదా?"

"ఉన్నది."

నేను చాయ్ తాగే దాకా నిలబడి చూశాడు. నేను అడగలేదు. అతను చెప్పలేదు. ఆటో స్టార్ట్ చేసుకుని మియాపూర్ వైపు వెళ్లిపోయాడు.