ఆర్లిస్ ఆరు టైర్లు

డెబ్బై రెండేళ్లు నిండేదాకా ఆర్లిస్ ఆసెన్‌కు ఆ బండి స్టీరింగు ముట్టుకోవలసిన అవసరం రాలేదు. నార్త్ డకోటాలో ఒక బడి వంటగదిలో ఇరవై ఆరేళ్లు పనిచేసి, ఇల్లు అమ్మేసి, భర్త డెల్మర్‌తో కలిసి ముప్పై ఎనిమిది అడుగుల మోటార్‌హోమ్‌లోకి మారిపోయింది. అప్పటినుంచి వాళ్లిల్లు అదే. వేసవి ఉత్తరాన, చలికాలం మాలాంటి బండివాళ్లతోపాటు అరిజోనా ఎడారిలో. డెల్మర్ నడిపేవాడు, ఆమె పక్క సీట్లో మ్యాపు పట్టుకునేది. ఏడాది కిందట డెల్మర్‌కు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఇక తప్పక ఆమె డ్రైవరు సీటెక్కింది.

నా చిన్న ట్రైలరు వాళ్ల బండి పక్కనే ఉండేది. ఆ చలికాలం వాళ్లు వచ్చి ఆగినప్పుడు ఆర్లిస్ మెట్టు మీదే కూలబడిపోయింది. ఎడమ భుజం వాచి ఉంది.

"బండి ఎడమకి పోతూనే ఉంటుంది మేవిస్. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కుడికి లాగుతూనే ఉండాలి. చేతులు ఊడిపోతున్నాయి" అంది నాతో.

లోపల్నుంచి డెల్మర్ గొంతు వినబడింది. మాట కాస్త ముద్దగా వచ్చేది కానీ ఎత్తిపొడుపు మాత్రం స్పష్టంగానే ఉండేది.

"బండి పోవట్లేదు, నువ్వే పోనిస్తున్నావు. ముప్పై ఏళ్లు బడి బస్సు నడిపాను, ఒక్కరోజు గీత దాటలేదు."

"ఆహా! ఆ బస్సు దిగొచ్చి వంట కూడా నువ్వే చేశావా మరి?" అని ఆమె అరిచింది. లేవడానికి మాత్రం ఓపిక లేకపోయింది.

ఫిబ్రవరిలో మా వరసలోనే ఉండే ఒకాయన బండిని లారీ లాక్కొచ్చింది. ముందు టైరు రోడ్డు మీద పేలి, ఆ రబ్బరు ముక్కలు కొట్టుకుని ముందుభాగమంతా చీరుకుపోయింది. ఆయనకేమీ కాలేదు. కానీ టైరు గాట్లు కొత్తవాటిలా లోతుగా ఉన్నాయి. "అరగలేదు, ముసలిదైపోయింది" అన్నాడాయన, నమ్మలేనట్టు దాన్నే చూస్తూ. ఈ బండ్లు నడిచేది తక్కువ, ఎండలో నిలబడేది ఎక్కువ. రబ్బరు నిలబడే చచ్చిపోతుంది.

మర్నాడు పొద్దున్నే ఆర్లిస్ దుప్పటి పరుచుకుని తన బండి కిందికి పాకింది. టైరు పుట్టిన వారం, సంవత్సరం నాలుగంకెల్లో టైరు పక్కన అచ్చు వేసి ఉంటాయి. వాళ్ల టైర్లకు ఆ అంకెలు లోపలివైపు పడ్డాయి. నేను టార్చి పట్టుకున్నాను. మోకాళ్లు మూలుగుతుంటే ఆమె ఒక్కో టైరూ చదివింది.

"ముప్పై ఒకటో వారం, పద్నాలుగో సంవత్సరం" అంది. ఆరూ అంతే, రెండువేల పద్నాలుగువి. దాదాపు పదేళ్లు. వెనక లోపలి టైరు పక్కన ఎండిన చెరువులోలా బీటలున్నాయి.

డెల్మర్ కర్ర ఊతంతో వచ్చి నిలబడ్డాడు. "గాట్లు చూడు, ఎంత లోతున్నాయో. ఇంకో రెండేళ్లు చక్కగా వస్తాయి."

"నువ్వు నడుపుతానంటే అలాగే ఉంచుదాం" అంది ఆర్లిస్ బండి కిందనుంచే.

నేనూ వాళ్లకు తోడు వెళ్లాను. హైవే పక్కన ఉన్న మొదటి టైర్ల దుకాణంలో మనిషి అసలు బండి వంకే చూడలేదు. ఆ సైజువి ఆరు ఉన్నాయి, మధ్యాహ్నానికల్లా ఎక్కించేస్తానన్నాడు. ఆర్లిస్ వెనకగదిలోకి వెళ్లి వంగి అంకెలు చదివింది. పుట్టి మూడేళ్లయింది వాటికి.

"కొత్తవే మేడమ్, ఒక్కసారి కూడా చక్రానికి ఎక్కలేదు."

"నేను మైళ్లు అరగ్గొట్టను బాబూ, ఏళ్లే అరగ్గొడతాను. అందులో మూడు నువ్వు ఇక్కడే వాడేశావు."

బయటికి వచ్చాక గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది. "అవే తీసేసుకోనా మేవిస్? ఇంకో ఊరు వెళ్లాలంటే ప్రాణం పోతోంది" అంది. కాసేపటికి తనే నడిచివెళ్లి బండెక్కింది.

పక్క ఊళ్లో యూసెబియో అనే ఆయన లారీల టైర్లు వేస్తాడు. యాభై ఏళ్ల మనిషి, నెమ్మదస్తుడు. టైర్ల సంగతి ఎత్తకముందే, "బండి బరువెంతమ్మా?" అని అడిగాడు.

డెల్మర్ బండి తాలూకు పుస్తకంలో ఉన్న అంకె చెప్పాడు.

"అది ఖాళీ బండి బరువు పెద్దాయనా. మీ గిన్నెలు, బట్టలు, నీళ్లు, మీ ఇద్దరూ ఎక్కాక ఎంత? ఒక్కో చక్రం మీద ఎంత పడుతోందో తెలిస్తేగానీ ఏ టైరు వెయ్యాలో, ఎంత గాలి కొట్టాలో నేను చెప్పలేను."

తెలిసినవాడిదే ఒక కంకర క్వారీ ఉందని ఆయనే ఫోన్ చేశాడు. అక్కడి కాటా మీద బండి ముందు ఇరుసు ఒకసారి, వెనక ఇరుసు ఒకసారి, ఆ తర్వాత ఒక్కో ఇరుసుకూ ఎడమ చక్రాలు మాత్రమే ఎక్కించి మరోసారి తూచారు. ఆ కాస్త చోటులో అంత పొడుగు బండిని ముందుకీ వెనక్కీ ఆడించేసరికి ఆర్లిస్ చొక్కా తడిసిపోయింది. చీటీలు తీసుకుని తిరిగొచ్చాం.

యూసెబియో చీటీలు రెండుసార్లు చూశాడు. "ముందు ఎడమ చక్రం మీద, అది మొయ్యగలిగిన దానికన్నా ఆరువందల పౌండ్లు ఎక్కువుంది. దాని వెనక అరలో ఏం పెట్టారు?"

ఆర్లిస్ వెళ్లి ఆ అర తలుపు తీసింది.

రాళ్లు. డెల్మర్ పంతొమ్మిదేళ్లుగా ఏరిన రాళ్లు. మొంటానా నదుల్లోవి, వయొమింగ్ కొండలవి, రాయిగా మారిన చెట్టు ముక్కలు, పాలడబ్బాల్లో, బకెట్లలో, పాత దిండుగలేబుల్లో.

"అందుకే ఎడమకి లాగుతోంది" అన్నాడు యూసెబియో. "ఇన్నాళ్లూ దీన్ని ఎలా నడిపావమ్మా?"

ఆర్లిస్ భర్త వైపు తిరిగింది. కోపం తెచ్చుకోవడానికి కూడా ఓపిక లేని చూపు అది. "నీకు తెలుసా?"

డెల్మర్ కర్ర నేలకు గుచ్చుతూ, "కాస్త లాగేది. అప్పట్లో నా కుడిచెయ్యి గట్టిదే కదా, పట్టించుకోలేదు" అన్నాడు.

"ఏడాదిపాటు నాకు నడపడం రాదన్నావు."

ఆయన తల దించుకున్నాడు. యూసెబియో వైపు తిరిగి, "ఇంకా బలమైన టైర్లు వెయ్యి. ఎక్కువ బరువు మోసేవి ఉంటాయిగా?" అన్నాడు.

"ఉన్నాయి. కానీ వాటికి గాలి ఎక్కువ కొట్టాలి. మీ రిమ్ము అంత గాలికి తట్టుకోదు. ఇదిగో, దాని మీదే అచ్చేసి ఉంది."

"పోనీ సగం రాళ్లు కుడివైపు అరలోకి మారుద్దాం."

"ముందు ఇరుసు మొత్తం బరువే మించింది పెద్దాయనా. ఎటు మార్చినా అది దాన్నే నొక్కుతుంది."

ఆర్లిస్ బండి మెట్టు మీద కూర్చుంది. నన్నూ కూర్చోమంది. "ఇప్పుడు వేసే టైర్లు ఏడేళ్లు వస్తాయి మేవిస్. అవి ముసలివయ్యేసరికి నాకు ఎనభై. ఈ బండి ఇక్కడే వదిలేసి ఎక్కడైనా గది తీసుకుంటే పోదూ?"

ఆ మాట డెల్మర్ విన్నాడు. మెల్లగా అర దగ్గరికి వెళ్లి ఎడమచేత్తో ఒక డబ్బా లాగాడు. అది జారి కింద పడి రాళ్లన్నీ దొర్లాయి. ఆయన వంగలేకపోయాడు. అలాగే నిలబడి, "తీసెయ్యండి. అన్నీ" అన్నాడు.

"అన్నీ అక్కర్లేదు" అంది ఆర్లిస్.

"నీ భుజం కన్నా ఎక్కువేం కాదులే. తప్పు నాది. నువ్వు బాగానే నడుపుతున్నావు."

నలభై తొమ్మిదేళ్ల కాపురంలో ఆయన నోట తప్పు నాదన్న మాట అదే మొదటిసారని ఆమె తర్వాత నాతో చెప్పింది. అప్పుడు మాత్రం, "ఆ మాట కాటా చీటీ వచ్చాకే తోచిందా?" అంది.

యూసెబియో మోటార్‌హోమ్‌లకని చేసిన టైర్లు, పుట్టి రెండు నెలలైనా కానివి, తెప్పిస్తానన్నాడు. నాలుగు రోజులు పడుతుందన్నాడు. ఆ నాలుగు రోజులూ దుకాణం వెనక ఖాళీ స్థలంలోనే, నేనూ వాళ్ల బండిలోనే, ఉన్నాం. యూసెబియో భార్య బీన్సు, రొట్టెలు పంపేది. ముగ్గురం కుర్చీలేసుకుని రాళ్లు వేరుచేశాం. ఒక్కోటీ ఎక్కడ దొరికిందో డెల్మర్ చెప్పేవాడు, ఆర్లిస్ సగంలోనే కునుకు తీసేది. చివరికి చిన్న పెట్టెడు మిగుల్చుకున్నారు. మిగతావి ఊళ్లో సరదాకి రంగురాళ్లు కోసి మెరుగుపెట్టేవాళ్ల సంఘం వచ్చి ట్రక్కులో తీసుకెళ్లింది. ట్రక్కు మలుపు తిరిగేదాకా డెల్మర్ చూస్తూనే ఉన్నాడు. ఆ పూట అన్నం ముట్టలేదు.

టైర్లు వచ్చాక ఆర్లిస్ ఆరింటి అంకెలూ తనే చదివింది. ఎక్కించడం అయ్యాక మళ్లీ కాటా మీదికి తీసుకెళ్లింది. ఆ చీటీ చూసి ఏ చక్రానికి ఎంత గాలి కొట్టాలో యూసెబియో ఒక అట్ట మీద రాసిచ్చాడు. తిరుగు దారిలో ఆమె స్టీరింగు మీద రెండు చేతులూ వదులుగా పెట్టుకుని కూర్చుంది. బండి తిన్నగా పోతోంది. ఇంత తేలికైన పనికా ఏడాది పాటు ఒళ్లు హూనం చేసుకున్నానని ఆమెకు ఏడుపొచ్చింది. అద్దం తుడుచుకోమని డెల్మర్ తన రుమాలు ఇచ్చాడు. అద్దానికేమీ కాలేదని ఇద్దరికీ తెలుసు.

ఏప్రిల్‌లో వాళ్లు ఉత్తరానికి బయల్దేరారు. రోజుకు వంద మైళ్లకు మించి ఆమె నడపలేకపోయింది. భుజం నొప్పి తగ్గింది కానీ అలసట అలాగే ఉంది. వెనకటికి డెల్మర్ అయిదు రోజుల్లో చేర్చే దారికి పదిహేడు రోజులు పట్టింది. చేరాక ఫోన్ చేసి, రెండు రోజులు నిద్రపోయానని, డెల్మర్ ఎడమచేత్తో సూప్ కాచి తనను లేపాడని, అందులో ఉప్పు మరిచిపోయాడని చెప్పింది.