మగ్గం గుంట జాగాలో మోటారు సైకిల్

మా ముందు గదిలో మూడేళ్లు ఒక మోటారు సైకిల్ ఉంది. బండి అని చెప్పుకోవడమే గాని ఇంజను ఒక గంపలో, పెట్రోలు టాంకీ మంచం కింద, మిగతా ఒళ్లు గోడకు ఆనుకుని ఉండేవి. ఆ జాగాలోనే నాకు, నేసేటప్పుడు కాళ్లు దించుకునే మగ్గం గుంట తవ్వాలి. ఇంతటితో నా బాధ మీకు తెలిసిపోయి ఉంటుంది. కానీ నేను ఐదో తరగతితో ఆగిపోయినదాన్ని, ఎక్కడ ఆపాలో తెలియదు. అందుకని మొత్తం చెప్తాను.

మాది గద్వాల, నేతపని ఇల్లు. ఇది ఎనభైల చివరి మాట. మా ఆయన నేసేవాడు. నేను నూలును కండెలకు చుట్టేదాన్ని. మగ్గం మీద నిలువు పోగులు, అదే పడుగు, అయిపోతే కొత్త పోగులను పాత పోగులకు ఒక్కొక్కటే మెలిపెట్టి అతికేదాన్ని. వేళ్లకు బూడిద అద్దుకుని పొద్దున కూర్చుంటే సాయంత్రానికి మెడ లేచేది కాదు. ఒకసారి ఆయన కాలికి దెబ్బ తగిలి పడుకుంటే, మగ్గం మీద సగంలో ఉన్న చీరను నేనే నేసి దించాను. మాకు నూలిచ్చి చీరలు తీసుకునే సేటు ఆ చీరను తిప్పి తిప్పి చూశాడు. ఎవరు నేశారని అడగలేదు. అప్పటినుంచి నాకంటూ ఒక మగ్గం కావాలని మనసులో పడింది. అయిజలో ఒక వడ్రంగి మగ్గం చేసి పెట్టాడు. సోమవారం తెస్తాను, గుంట తయారుగా లేకపోతే ఇంకో ఇంట్లో దించేస్తాను అని కబురు పంపాడు. అడిగేవాళ్లు ఇంకా ఇద్దరున్నారట.

బండిని బయట పెట్టమని నేను అడగని రోజు లేదు. ఆయన మాట ఒక్కటే.

"ఇంజన్ చప్పుడైన దినమే బయట పెడ్త. అప్పటిదాంక ఒక్క నట్టు కదిలిచ్చినా ఊకోను."

అది మా ఇద్దరి వయసు కన్నా పాతది, బయటి దేశం బండి. వనపర్తి కోటలో ఒకప్పుడు కొలువు చేసిన ముసలాయన దగ్గర కొన్నాడు. బీచుపల్లి వంతెన దాకా రెండుసార్లు పోయింది. మూడోసారి ఎద్దుల బండి మీద ఇంటికొచ్చింది.

ఇక మిగిలింది వారం రోజులే అని నేను అన్నం మానేస్తే, ఆయన వనపర్తి పోయి ఒక మెకానిక్కును పిలుచుకొచ్చాడు. పాత బండ్లు చేసే పెద్దమనిషి, నన్ను చెల్లె అని పిలిచేవాడు. ఇంజను నెత్తి మీద రెండు రాకర్లు ఉంటాయని, ఊగుతూ వాల్వులను తొక్కేవి అవేనని చెప్పాడు. వాటి కన్నాల్లో ఇరుసు చుట్టూ ఉండే గొట్టాల్లాంటి బుష్షులు అరిగిపోయాయి. అలాంటి బుష్షులు ఇప్పుడు ఎక్కడా దొరకవు. అందుకని కర్నూలులో లేతు మీద రాకర్ల కన్నాలు పెద్దవి చేయించి, గట్టి ఇరుసులు చేయించి, బుష్షుల బదులు వేయడానికి ఒక పొట్లం నిండా సన్నటి ఉక్కు సూదులు తెచ్చాడు. వాటికి మొన లేదు, బెజ్జం లేదు. బియ్యపు గింజ కన్నా కొంచెం పొడుగు.

రాకర్లను ఊపే క్యాంషాఫ్టు చివరికి వేసే సూదులు ఒక ఉక్కు గిన్నెలో బిగించే వచ్చాయి. దానికి కర్రముక్క అడ్డం పెట్టి మెల్లగా కొట్టి దించేశాడు, అరగంట పని. రాకర్లవి మాత్రం విడి సూదులు. ఒక్కో కన్నంలో చుట్టూ ఇరవై రెండు నిలబెట్టాలి. ఆఖరిది ఇరుక్కుంటేనే మిగతావి నిలుస్తాయి. ఆ తర్వాత వాటి మధ్యలోంచి ఇరుసు దూర్చాలి. ఒక్కటి ఒరిగిందా, అన్నీ కూలుతాయి. ఇలాంటి కన్నాలు రాకరుకు రెండేసి, మొత్తం నాలుగు.

శుక్రవారం పొద్దున్నుంచి ఆ ఇద్దరు మగవాళ్లు కన్నం చుట్టూ తలలు పెట్టి కూర్చున్నారు. మెకానిక్కు వేళ్లు బెండకాయల్లా లావు. ఇరవై నిలబెట్టేవాడు, ఇరవై ఒకటోది పెట్టేసరికి అన్నీ గలగల కింద పడేవి. మా ఆయన టార్చి పట్టుకుని, నువ్వు ఊపిరి వదిలినవ్ అంటే నువ్వు వదిలినవ్ అని ఆయనతో వాదన. పడిన సూదులను చాప కింద, గంప కింద ఏరేది నేను. మా అత్త గడపలో కూర్చుని వక్క కొరుకుతూ చూసింది.

"నలుగుర్ని కన్న గీ ఇంట్లనే. ఇంత పరేషాన్ అప్పుడు గూడ కాలే" అంది.

పదకొండోసారి పడ్డాక నాకు ఓపిక పోయింది. మెకానిక్కు అన్నానికి లేస్తూ, చెల్లె వద్దందని ఇంతసేపు పొడిగా పెట్టాను, ఇక కుదరదు, గ్రీజు డబ్బా ఇదిగో, ఆ అంటుకే సూదులు నిలుస్తాయని మా ఆయనకు చెప్పి పోయాడు. నేను మా ఆయనను జరగమని రాకరును నా ముందుకు లాక్కున్నాను. దండెం మీద తెల్ల నూలు ఆరుతోంది, పక్కన రంగేసిన పట్టు ఉంది. గ్రీజు వేలు ఒక్కటి తగిలితే చీర వాపసు వస్తుంది. ఆ డబ్బాను ఆ గదిలో తెరవనివ్వనని మూడేళ్లుగా అరుస్తున్నాను, ఇప్పుడు నేనే తెరవాలా? నూలుకు పెట్టగా మిగిలిన గంజి గిన్నెలో ఉంది. అదే కన్నంలో పూశాను.

సూదులు ఒక్కొక్కటే నిలబడ్డాయి. పోగులు అతికే చేతికి అదేం పెద్ద పని కాదు. మెకానిక్కు వచ్చేసరికి నాలుగు కన్నాలూ నిండి ఉన్నాయి. ఇరుసులు ఆయనే దూర్చాడు, ఒక్క సూది కూడా పడలేదు. ముప్పై ఏండ్ల నుంచి చేస్తున్నా గిట్లాంటి చెయ్యి చూడలేదని మా అత్తకు చెప్పాడు. ఆ పూటంతా నా కాళ్లు నేల మీద లేవు.

శనివారం పొద్దున బిగించబోతే రాకరు ఊగలేదు. రెండోది కూడా అంతే. ఆయన కొట్టి ఇరుసు తీసి, కన్నంలో వేలు పెట్టి, ఆ వేలును ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఏం పెట్టినవ్ చెల్లె?"

"గంజి."

ఆయన ఎండి గట్టిపడ్డ గంజిని గోటితో గీకి చూశాడు. "గంజి నూలుకు పెడ్తరమ్మా" అన్నాడు మెల్లగా. మా ఆయన నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడు. గ్రీజుకు, గంజికి తేడా ఆయనకూ తెలియదు, పక్కనే కూర్చుని చూసినవాడే. అయినా నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ మంటే.

ఎనభై ఎనిమిది సూదులను వేడినీళ్లలో వేసి, కిరోసిన్‌లో కడిగి, పాత చీర ముక్క మీద పరిచి తుడిచాను. కొన్నింటికి అప్పుడే తుప్పు రంగు వచ్చింది. ఆయన ఒక్కొక్కటి గోటితో గీసి చూసి పరవాలేదన్నాడు. ఆదివారం నూలు, పట్టు అంతా పక్కింట్లో పెట్టి వచ్చి, గ్రీజు డబ్బాలో నేనే చెయ్యి పెట్టాను. మళ్లీ ఎనభై ఎనిమిది. ఈసారి నన్ను ఎవరూ పొగడలేదు. మెకానిక్కు ఇరుసు దూర్చి, రాకరును వేలితో ఊపి చూపించాడు. ఉయ్యాలలా ఊగింది.

రాత్రంతా కూర్చుని ఇంజను, టాంకీ బిగించి, సోమవారం పొద్దున బండిని గల్లీలోకి తీశారు. ఆరో కిక్కుకు చప్పుడైంది. గల్లీ అంతా పొగ. మెకానిక్కును వెనక ఎక్కించుకుని, బీచుపల్లి దాకా పోయి వస్తామన్నాడు మా ఆయన. పోతూ పోతూ నాతో అన్నాడు.

"ఇప్పుడు నడిచే బండి అయింది. బయట పెడితె వానకు తడుస్తది. లోపల్నే పెట్టుకుందం తియ్."

మూడేళ్లు అన్నది చాలు. చప్పుడు గల్లీ మలుపు తిరిగేదాకా నిలబడి, గడ్డపార తెచ్చి ముందు గదిలో మొదటి పోటు వేశాను. మా అత్త చూసింది. ఆపుతుందేమో అనుకున్నాను. లేచి, ఇంజను పెట్టిన గంపనే తెచ్చి, మట్టి ఎత్తడం మొదలుపెట్టింది.

వాళ్లు తిరిగి వచ్చేసరికి నేను మోకాళ్ల లోతు గుంటలో ఉన్నాను. మా ఆయన బండిని గడప దాకా తోసుకొచ్చి ఆగిపోయాడు.

"ఏందిది?"

"గుంట" అన్నాను.

"బండి యాడ పెట్టాలె మరి?"

"నడిచే బండి గద. నడిపిచ్చుకో" అంది మా అత్త.

మెకానిక్కు మొహం అటు తిప్పుకున్నాడు. బండి రేకుల చూరు కింద, గోనెపట్టా కప్పుకుని నిలబడింది. మా ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

సాయంత్రం వడ్రంగి మగ్గం దించి, గుంట కొలిచి, సరిపోయిందన్నాడు. నీళ్ల చెంబు అందిస్తుంటే నా వేళ్ల వంక చూసి, ఇది నేతోళ్ల ఇల్లేనా అని అడిగాడు. కుంకుడుకాయలతో తోమినా గోళ్ల కింద గ్రీజు పోలేదు. మగ్గం వచ్చాక కూడా మూడు రోజులు నేను పట్టు ముట్టుకోలేకపోయాను. ఊరికే గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్నాను.