రాక్షసికి పాసంగం

ఆమెను అందరూ కాటా అనే పిలుస్తారు. తూకం యంత్రాలు బాగుచేసే కొట్టులో పనిచేస్తుంది కాబట్టి ఆ పేరు పడింది. పిలిస్తే పలికింది కాబట్టి నిలిచిపోయింది. కొట్టులో ఆమె నోటివెంట అంకెలు తప్ప వేరే మాట రాదు. యంత్రం ఎంత తేడా చూపిస్తోందో చెబుతుంది, ఎప్పుడు వచ్చి తీసుకెళ్లాలో చెబుతుంది. ఇంకేమైనా అడిగితే తల ఊపుతుంది. ఆ ఊపు అవునో కాదో తెలుసుకోవడం వచ్చినవాళ్ల అదృష్టం.

ఇంట్లోనూ అదే తీరు. అన్నావదినల దగ్గర ఉంటుంది. వదిన బస్సు కండక్టరు. రోజంతా వెనక సీటుదాకా వినపడేలా అరిచి వచ్చి, ఇంట్లో కూడా అదే గొంతుతో ఉప్పు అడుగుతుంది. ఆ గొంతు పక్కన కాటా గొంతు ఉందో లేదో కూడా ఎవరూ పట్టించుకునేవారు కాదు.

ఒక్క ఆదివారం మధ్యాహ్నం మాత్రం లెక్క మారుతుంది. భోజనాల బల్లమీద గిన్నెలు తీసేసి పాచికలు పెడతారు. అదొక కథల ఆట. ఒకరు కథ నడపాలి, మిగతావాళ్లు అందులో వీరులుగా ఉండాలి. వీరుడు ఏం చేయబోతున్నాడో ఆడేవాళ్లు చెబుతారు, అది పారిందో లేదో పాచిక తేలుస్తుంది. కథ నడిపేది కాటా. గుహలో గాలి, మంత్రి కుట్ర, రాక్షసుడి గర్జన అన్నీ ఆమె గొంతులోంచే రావాలి. వస్తాయి కూడా. మొదటిసారి గర్జించినరోజు వదిన ఉలిక్కిపడి టీ ఒలకబోసుకుంది.

వదిన ఆ ఆటలో ఖడ్గవీరురాలు. ఆట మొదట్లో ప్రతి వీరుడికీ ఒక పాత కథ ఉండాలంటే, ఏమీ తోచక, తన భర్త కనబడకుండా పోయాడని చెప్పింది. అసలు భర్త అప్పుడు పక్కగదిలో గురకపెడుతున్నాడు. బాబాయి, అంటే కాటా నాన్నకు తమ్ముడు, స్కూలు వ్యాను నడుపుతాడు. ఆటలో గాయాలు మాన్పే వైద్యుడు. ఆయన బల్ల దగ్గరుండగా ఎవరికీ చావు రాదు, ఎంత అర్హత ఉన్నా సరే. మూడోవాడు పైవాటాలో ఉండే ప్లంబరు. ఆటలో మాంత్రికుడు. కారుతున్న చోటు కనిపెట్టడం అతని వృత్తి కదా, ఏ రాక్షసుణ్ణి చూపించినా ముందు దానికి లీకు ఎక్కడుందో వెతికేవాడు.

ఆ ఆటకు ఉన్న ఒకే ఒక సొంత నియమం కూడా ప్లంబరు పెట్టిందే. బల్ల దగ్గర నోరు దాటిన మాట వెనక్కి పోదు. ఓసారి బాబాయి ఫోనులో ఎవరికో "ఆ, తలుపు తియ్యి" అన్నాడు. ఆటలో ఆయన వైద్యుడు శాపమున్న తలుపు తీసినట్టే లెక్క అని ప్లంబరు పట్టుబట్టాడు. బాబాయి వైద్యుడు మూడు వారాలు గాడిదగా తిరిగాడు. అప్పటినుంచి అది శాసనం.

మొదట్లో వాళ్లు ముగ్గురూ ఎలుకల గుంపును చూసి కూడా పరుగెత్తేవారు. ఆడేకొద్దీ వీరులు మెట్లెక్కుతారు, బలం పెరుగుతుంది. ఎక్కి ఎక్కి ఇప్పుడు ఎక్కడికి చేరారంటే, వదిన కత్తి ఎత్తితే కొండ సగానికి తెగుతుంది. ప్లంబరు వేలు ఊపితే నది వెనక్కి పారుతుంది. కాటా వారమంతా కూర్చుని పెంచుకొచ్చిన రాక్షసుడు, పేరు చెప్పుకోకముందే పోతున్నాడు.

చివరికి ఒక ఆదివారం నిప్పులు కక్కే డ్రాగన్ వచ్చింది. నోరు తెరిచింది. అంతే, తెరిచిన నోటితోనే చచ్చింది. వదిన తన టీ కప్పు ముట్టుకుని చూసింది.

"కాటా, టీ ఇంకా వేడిగానే ఉంది."

ప్లంబరు ఆవులించాడు. దీనికంటే పేకాట నయమన్నాడు. బాబాయి కూడా ఇబ్బందిగా నవ్వాడు. వదిన కండక్టరు తీర్పు చెప్పేసింది. వచ్చే ఆదివారం కూడా టీ చల్లారేలోపు రాక్షసుడు పోతే, ఇక ఈ ఆటకు స్వస్తి. ఆమె కోపంతో అనలేదు, ఆఖరి స్టాపు వచ్చిందని చెప్పినంత మామూలుగా అంది. కాటా తల ఊపింది. పేకాటలో గర్జించే అవసరం ఎవరికొస్తుంది? ఆ బల్ల పోతే ఆ గొంతు కూడా పోతుంది. మిగిలేవి అంకెలే.

అప్పటికే ఆమె చేయని ప్రయత్నం లేదు. ఓసారి రాక్షసుడికి ప్రాణం రెట్టింపు చేసింది. పోరు కష్టం కాలేదు, పొడుగైంది. తడిసిన బొంతను ఉతికినట్టు ముగ్గురూ వంతులవారీగా బాదారు. ఇంకోసారి దెబ్బ బలం పెంచింది. మొదటి దెబ్బకే బాబాయి వైద్యుడు నేలకూలాడు. ఆయన మొహం చూడలేక, రెండో దెబ్బ గురి తప్పిందని చెప్పేసింది. జాలిపడి వదిలేశావా అని బాబాయి రెండు రోజులు మాట్లాడలేదు. అసలు చిక్కు ఎక్కడో ఆమెకు తెలుసు. రాక్షసుడు ఒక్కసారి చెయ్యెత్తేలోపు ఆ ముగ్గురూ తలా ఒకటి వేసేస్తారు. తోడుగా బంట్లను పెట్టి చూసింది. ప్లంబరు అందరినీ ఒకే మంత్రంతో కడిగేశాడు.

ఆ వారం కొట్టుకు ఒక పాత తక్కెడ వచ్చింది. ఖాళీగా ఉన్నా ఒక పళ్లెం పైకే లేస్తోంది. తేలికగా ఉన్న ఆ పళ్లేనికి కాటా చిన్న సీసం ముక్క కట్టింది. దాన్నే పాసంగం అంటారు. గోరంత ముక్క, కర్ర సమంగా నిలిచింది. రాక్షసుల గోల కూడా ఇంత తేలిగ్గా తీరితే ఎంత బాగుండునని నిట్టూర్చి, తక్కెడను పక్కన పెట్టేసింది.

ఆదివారం రానే వచ్చింది. వదిన టీలు పోసి కూర్చుంది. ఈసారి మంచుగుహ రాక్షసి. దానికి కాటా కొత్తగా ఏమీ చేర్చలేకపోయింది. గొంతునే నమ్ముకుంది. గాలి ఊదింది, మంచు పెళ్లలు విరిచింది, బల్లమీదికి వంగి ఖడ్గవీరురాలి కళ్లలోకి చూసింది. ఆ కళ్లు వదినవి.

"నా గుహలో అడుగుపెట్టే ధైర్యం ఎవరిది? నీదా... వదినా?"

కాటా మొహం కందిపోయింది.

"ఏమందీ?" అన్నాడు బాబాయి.

"నన్ను వదినా అంది," అంది వదిన.

"నోరు జారిందిలే చెల్లెమ్మా. కత్తి తియ్యి, కానిచ్చేద్దాం," అన్నాడు ప్లంబరు.

బాబాయి కళ్లు మెరిశాయి. గాడిద బతుకు ఆయన ఇంకా మర్చిపోలేదు. "అదేంటయ్యా, నోరు దాటిన మాట వెనక్కి పోదుగా. నీ శాసనమేగా."

వదిన వేళ్లమీద చుట్టరికం లెక్కపెట్టుకుంది. రాక్షసి తనను వదినా అందంటే, ఆటలో కనబడకుండా పోయిన భర్తకు చెల్లెలన్నమాట. అంటే ఆడపడుచు. "అందుకే ఇంత రాక్షసి," అని గొణిగి, ఎత్తిన కత్తి దించింది. "మీ అన్నయ్య ఎక్కడున్నాడో చెప్పు, ముందు."

కాటా నోట రాక్షసి గొంతు దానంతట అదే పెగిలింది. "ఇన్నేళ్లకు గుర్తొచ్చానా? పెళ్లికి పిలిచారా నన్ను? మంచులో ఒంటరిగా ఉన్నదాన్ని, ఉన్నావా పోయావా అని అడిగారా?" అంటూ వదిన వీరురాలిని ఒక్కటి చరిచింది. పాచిక కూడా ఆడపడుచు పక్షమే, నిండుగా పడింది.

ప్లంబరు నిప్పు మంత్రం ఎత్తాడు. వదిన తన వంతు ఖర్చుపెట్టి అతని చెయ్యి పట్టుకుంది. "అన్నయ్యగారూ, ఇది మా ఇంటి విషయం. మీరు పక్కకుండండి." అయినా అతను విసిరాడు. రాక్షసి భుజం కాలింది. బాబాయి గబగబా లేచి మందు రాశాడు, రాక్షసికి.

"ఎవరికి వైద్యం చేస్తున్నావు బాబాయ్?" అన్నాడు ప్లంబరు తల పట్టుకుని.

"పిల్లకి కాలింది కదయ్యా."

ఇక పోరు పోరులా సాగింది. ఒకామె కొట్టదు, ఒకాయన మాన్పుతాడు, మిగిలినవాడు ఒంటరిగా అరుస్తాడు. నది వెనక్కి పారించేవాడికి ఒక ఆడపడుచు అలక తీర్చే మంత్రం లేదు. లీకు ఎక్కడుందో వెతికి వెతికి, చివరికి ఆ మాంత్రికుడే పెళ్లికి పిలవనందుకు అందరి తరఫునా క్షమాపణ చెప్పాడు. పాచిక వేస్తే అది కూడా పారలేదు. రాక్షసి ప్రాణంలో కాటా గోరంత కూడా పెంచలేదు. మూడక్షరాల మాట, అదే తేలికైన పళ్లేన్ని కిందికి దించింది. తక్కెడ సంగతి గుర్తొచ్చి, గర్జన మధ్యలో ఆమెకు నవ్వొచ్చింది. దాన్ని వికటాట్టహాసంగా మార్చుకుంది.

పక్కగది తలుపు తెరుచుకుంది. అన్న కళ్లు నులుముకుంటూ వచ్చి, ఇంట్లో అంత గొంతుతో అరుస్తున్నదెవరని అడిగాడు.

"నీ చెల్లెలే," అంది వదిన.

అతను నమ్మలేదు. బల్ల చుట్టూ ఇంకెవరైనా ఉన్నారేమోనని చూశాడు.

వదిన ఏదో గుర్తొచ్చినట్టు తన కప్పు ముట్టుకుంది. టీ మీద మీగడ కట్టి మంచుగడ్డలా ఉంది. అందరి కప్పులూ పోగుచేసుకుని లేచింది. వంటగది గుమ్మం దగ్గర ఆగి, మళ్లీ పెడతాను, ఎవరెవరికి కావాలో చెప్పమంది.

కాటా పాచికలమీంచి తలెత్తలేదు. గొంతు ఇంకా గుహలోనే ఉంది. "నాకు చక్కెర తక్కువ వెయ్యి, వదినా," అంది, వెనక సీటుదాకా వినపడేలా.